టెండర్ వేశాక వెనక్కి తగ్గాలంటే: ఏ దారికి ఎంత ఖర్చు

ఈఎండీ (టెండర్‌తోపాటు కట్టే ధరావతు) కట్టారు, డిజిటల్ కీతో సంతకం పెట్టారు, టెండర్ వేసేశారు. ఆ తర్వాత చూసుకుంటే కంకర లీడు (తెచ్చే దూరం) 18 కిలోమీటర్లని వేసిన చోట అసలు 40 ఉంది. లేదా అదే వారంలో మరో పని ఖరారైంది, ఉన్న మిషన్లు రెండింటికీ చాలవు. లేదా పని చోటికి వెళ్లి చూస్తే వర్షాలు పడ్డాక లారీ వెళ్లే దారే లేదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పంచాయతీరాజ్, ఆర్‌అండ్‌బీ, నీటిపారుదల, ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా), మున్సిపల్ పనులు చేసే చిన్న కాంట్రాక్టర్లకూ, ఆఫీసులకు సామాను సరఫరా చేసేవాళ్లకూ ఈ ఇబ్బంది ఎప్పుడో ఒకప్పుడు వచ్చేదే. అప్పుడు ముందు ఐదు దారులుంటాయి: టెండర్ మార్చి మళ్లీ వేయడం, గడువులోపే ఉపసంహరించడం, తెరిచాక తప్పుకోవడం, చెల్లుబాటు (వేసిన ధరకు కట్టుబడి ఉండాల్సిన కాలం) పొడిగింపుకు ఒప్పుకోకపోవడం, నష్టమొచ్చినా పని చేసేయడం.

మీరు వెనక్కి తగ్గే కారణం ఎంత న్యాయమైనదైనా, దానికయ్యే ఖర్చును తేల్చేది ఎక్కువగా గడియారమే. అందుకే కారణం గురించి మథనపడే ముందు టెండర్ నోటీసు తీసి తేదీలు చూడండి.

తేల్చుకోవాల్సినవి

మొదటిది, మీరు ఏ దశలో ఉన్నారు. టెండర్లు వేసే గడువు ఇంకా ముగియలేదా? గడువు ముగిసింది కానీ ఇంకా తెరవలేదా? తెరిచారా? ఎల్‌1 (అందరికంటే తక్కువ ధర వేసినవారు) ఎవరో తేలిందా? అంగీకార పత్రం వచ్చేసిందా? గడువు ముగిసిన నిమిషానికి ముందూ వెనకా ఉన్న తేడా, మిగతా దశలన్నింటి మధ్య ఉన్న తేడా కంటే పెద్దది.

రెండోది, పోయే డబ్బు. రాష్ట్ర ఇంజినీరింగ్ శాఖల పనుల్లో అంచనా కాంట్రాక్టు విలువలో 1 శాతం టెండర్‌తోపాటు ఈఎండీగా, ఇంకో 1.5 శాతం అగ్రిమెంటు నాడు కట్టడం మనకు అలవాటైన పద్ధతి. రైల్వే పనుల్లో కోటి రూపాయల వరకు 2 శాతం, కోటి దాటిన భాగం మీద 0.5 శాతం ఉంటుంది. అంటే 3 కోట్ల అంచనాకు 3 లక్షలు. కేంద్ర సంస్థల సరుకుల కొనుగోలులో జీఎఫ్‌ఆర్ (కేంద్ర సాధారణ ఆర్థిక నియమాలు) 2017 ప్రకారం 2 నుంచి 5 శాతం మధ్య అడుగుతారు. మీ నోటీసులో ఏ అంకె ఉందో అదే మీకు వర్తిస్తుంది.

మూడోది పేరు. ఈఎండీ పోతే ఒక్కసారి పోతుంది. సస్పెన్షన్ పడితే అది ఉన్నన్నాళ్లు మరో టెండర్ వేయలేరు. పైగా తర్వాత వేసే చాలా టెండర్లలో 'మమ్మల్ని ఎక్కడా బ్లాక్‌లిస్ట్ చేయలేదు' అని అఫిడవిట్ ఇవ్వాలి.

నాలుగోది, పని చేస్తే వచ్చే నష్టం. దీన్ని చాలామంది ఊహతో చెప్పేస్తారు. కాగితం మీద లెక్క వేయనిదే పై మూడింటితో పోల్చడానికి ఏమీ ఉండదు.

దశలవారీగా ఏది కుదురుతుంది

| దశ | కుదిరే దారి | ఈఎండీ | పేరు |
|---|---|---|---|
| గడువుకు ముందు | మార్చి మళ్లీ వేయడం | అలాగే కొనసాగుతుంది | ఏ మచ్చా లేదు |
| గడువుకు ముందు | ఉపసంహరణ | తిరిగి వస్తుంది, కాస్త ఆలస్యంగా | ఏ మచ్చా లేదు |
| గడువు ముగిశాక, చెల్లుబాటు కాలంలో | తప్పుకోవడం | పోతుంది | సస్పెన్షన్ పడవచ్చు |
| చెల్లుబాటు ముగిసే వేళ | పొడిగింపుకు ఒప్పుకోకపోవడం | తిరిగి వస్తుంది | మచ్చ లేదు |
| అంగీకార పత్రం వచ్చాక | అగ్రిమెంటు చేయకపోవడం | పోతుంది | సస్పెన్షన్‌కు ఎక్కువ అవకాశం |
| అంగీకార పత్రం వచ్చాక | పని చేయడం | డిపాజిట్‌లో కలుస్తుంది | నిలబడుతుంది |

మార్చి మళ్లీ వేయడం

గడువుకు ముందే తప్పు కనబడితే, పని మీకు ఇంకా కావాలంటే, ఇదే మంచి దారి. కేంద్ర పోర్టల్‌తో సహా ఎన్‌ఐసీ (కేంద్ర ప్రభుత్వ సమాచార కేంద్రం) తయారుచేసిన పోర్టళ్లలో గడువు ముగిసే వరకు టెండర్‌ను ఎన్నిసార్లయినా మార్చి వేయవచ్చు. చివరిసారి వేసిందే లెక్కలోకి వస్తుంది. ధర మార్చాలన్నా, మర్చిపోయిన సర్టిఫికెట్ పెట్టాలన్నా ఉపసంహరణ జోలికి వెళ్లొద్దు. మళ్లీ వేస్తే చాలు.

దెబ్బతినే చోట్లు కొన్ని ఉన్నాయి. పోర్టల్ పైన కనిపించే సర్వర్ సమయమే లెక్క, మీ చేతి గడియారం కాదు. ఆఖరి అరగంటలో ఫైళ్లు ఎక్కడానికి ఆలస్యమవుతుంది. పాత టెండర్ తెరిచి సగం మార్చి వదిలేస్తే ఏది నమోదైందో తెలియని స్థితి వస్తుంది. మొదట టెండర్ వేసిన డిజిటల్ కీ దగ్గరుండాలి, దాని గడువు తీరిపోయి ఉండకూడదు. కీ ఇంటర్నెట్ సెంటర్ కుర్రాడి దగ్గర వదిలేసి ఊరెళ్లడం మన దగ్గర మామూలైపోయింది. అది మీ సంతకం. మీ దగ్గరే ఉంచుకోండి.

శాఖ సవరణ నోటీసు ఇచ్చినప్పుడు మరీ జాగ్రత్త. బీవోక్యూ (పని పరిమాణాలు, రేట్ల పట్టిక) మారితే కొత్త షీటులో రేట్లు నింపి మళ్లీ వేయాల్సి ఉంటుంది. పాతదే చెల్లుతుందనుకుని ఊరుకుంటే టెండర్ లెక్కలోకి రాకుండా పోవచ్చు.

గడువులోపు ఉపసంహరణ

పని అసలు వద్దనుకున్నప్పుడే ఇది. ఎన్‌ఐసీ పోర్టళ్లలో ఒకసారి ఉపసంహరిస్తే అదే టెండర్‌లో మళ్లీ వేయడానికి వీల్లేదు. 'తీసేసి కొత్తగా వేద్దాం' అనుకుని ఈ బటన్ నొక్కినవాళ్లు ఆ టెండర్‌కు బయటే ఉండిపోతారు. రాష్ట్ర పోర్టల్‌లోనైనా, రైల్వే టెండర్ పోర్టల్ ఐరెప్స్‌లోనైనా ఈ నిబంధన ఎలా ఉందో టెండర్ పత్రంలో చదివాకే చేయి పెట్టండి.

చేసే తీరు కష్టమేమీ కాదు. టెండర్ వేసిన లాగిన్‌తో వెళ్లి, నడుస్తున్న బిడ్ల జాబితాలో ఆ టెండర్ తీసి, ఉపసంహరణ ఎంచుకుని, కారణం రాసిన లేఖను పీడీఎఫ్‌గా పెట్టి, కీతో సంతకం చేయాలి. చివర్లో వచ్చే రసీదు పేజీలో తేదీ, సమయం, బిడ్ నంబరు ఉంటాయి. దాన్ని అప్పటికప్పుడే దాచుకోండి. ఈఎండీ తిరిగి అడిగే రోజున మీ చేతిలో ఉండే రుజువు అదొక్కటే.

లేఖలో కారణం ఒక్క వాక్యం చాలు: 'మా వద్ద ఉన్న యంత్రాలు మరో పనికి కేటాయించినందున ఈ పనిని నిర్ణీత కాలంలో పూర్తి చేయలేము, కావున మా టెండర్‌ను గడువులోపే ఉపసంహరించుకుంటున్నాము, ఈఎండీ తిరిగి ఇప్పించగలరు.' అంచనా తప్పు, రేట్లు గిట్టవు, ఫలానా ఊరివాళ్లు వద్దన్నారు వంటివి రాయొద్దు. అవసరం లేదు, తర్వాత మీకే అడ్డొస్తాయి.

సీల్డ్ కవర్ పద్ధతి ఇంకా నడిచే చిన్న టెండర్లలో ఉపసంహరణ కూడా కవర్‌లోనే వెళ్లాలి. పైన పని పేరు, టెండర్ నంబరు, 'ఉపసంహరణ' అన్న మాట స్పష్టంగా రాసి, టెండర్ మీద సంతకం చేసినవారే సంతకం చేసి, టెండర్లు వేసే గడువు ముగిసేలోపు ఇచ్చి, ఆఫీసు ముద్రతో నకలు తీసుకోవాలి. ఫోన్‌లో ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరుకు) చెప్పడం ఉపసంహరణ కాదు. లేఖ వెళ్లాల్సింది నోటీసులో టెండర్ పిలిచిన అధికారిగా ఎవరి హోదా ఉందో వారికి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక రాజాం వైపు విజయనగరానికి, పాలకొండ వైపు పార్వతీపురం మన్యానికి వెళ్లాయి. పాత అలవాటుకొద్దీ పాత ఆఫీసులో లేఖ ఇస్తే అది చేరాల్సిన చోటికి చేరేసరికి గడువు దాటిపోతుంది.

పోర్టల్ లావాదేవీ రుసుం మాత్రం వెనక్కి రాదు. దాన్ని ఖర్చు కింద రాసుకోండి.

తెరిచాక తప్పుకోవడం

ఇక్కడ చాలామంది పొరబడతారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 5వ సెక్షన్ ప్రకారం, ప్రతిపాదనను అవతలివారు అంగీకారం పంపే లోపు వెనక్కి తీసుకోవచ్చు. నిజమే. అయితే వెనక్కి తీసుకునే హక్కు వేరు, ఈఎండీ దక్కడం వేరు. జాతీయ రహదారుల సంస్థకూ గంగా ఎంటర్‌ప్రైజెస్‌కూ మధ్య నడిచిన కేసులో 2003లో సుప్రీంకోర్టు చెప్పిందిదే: చెల్లుబాటు కాలంలో తప్పుకుంటే ఈఎండీ జప్తు చేస్తామని షరతు ఉన్నప్పుడు, అంగీకారం రాకముందే తప్పుకున్నా జప్తు చెల్లుతుంది. ఎల్‌1 కాకపోయినా ఇదే సూత్రం. ఎల్‌3లో ఉన్నవారు తొందరపడి 'మాకు వద్దు' అని లేఖ రాసి ఈఎండీ పోగొట్టుకోవడం కంటే, ఊరుకుంటే దాని సమయానికి అదే తిరిగి వస్తుంది.

'లెక్కలో పొరపాటు పడింది, సరిచేయండి' అని తెరిచాక అడగడం కూడా ఫలించేది చాలా తక్కువ. 2001లో పటేల్ ఇంజినీరింగ్ కేసులో, బిడ్‌లో కంప్యూటర్ వల్ల తప్పులు దొర్లాయన్న కంపెనీకి సవరించుకునే అవకాశం సుప్రీంకోర్టు ఇవ్వలేదు. ఒకరికి సవరణ ఇస్తే మిగతావారికి అన్యాయం కాబట్టి శాఖ కూడా ఒప్పుకోదు.

ఈఎండీ బ్యాంకు గ్యారంటీ రూపంలో ఉంటే, శాఖ అడిగిన వెంటనే బ్యాంకు చెల్లిస్తుంది. మీకూ శాఖకూ మధ్య తగాదా ఏమిటో బ్యాంకు చూడదు. 'ఆపండి' అని బ్యాంకుకు లేఖ రాసినంత మాత్రాన ఆగదు.

ఇంకా ఘోరమైనది, పక్కవాడికి పని దక్కాలని ఎల్‌1 తప్పుకోవడం. ఎల్‌1 వెనక్కి తగ్గితే మళ్లీ టెండర్ పిలవాలని కేంద్ర విజిలెన్స్ కమిషన్ 2007లోనే చెప్పింది. కాబట్టి ఆ లెక్క పారదు. పైగా అది రింగు (కుమ్మక్కు) కిందికి వస్తుంది. 2002 కాంపిటీషన్ చట్టం 3వ సెక్షన్ టెండర్లలో కుమ్మక్కును నేరుగా నిషేధిస్తుంది. ఎవరు అడిగినా, ఎంత తెలిసినవారైనా, దీనికి ఒప్పుకోకండి.

సస్పెన్షన్ లేదా బ్లాక్‌లిస్ట్ ముప్పు ఎదురైతే మీకున్న రక్షణ షోకాజ్ నోటీసు. బ్లాక్‌లిస్ట్ చేయాలనుకుంటున్నామన్న సంగతి నోటీసులో స్పష్టంగా తెలియాలని 2014లో గూర్ఖా సెక్యూరిటీ సర్వీసెస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నోటీసు రాగానే గడువులోపు కాగితాలతో జవాబు ఇవ్వండి. జవాబు ఇవ్వకుండా కూర్చోవడం కంటే పెద్ద తప్పు లేదు.

పొడిగింపుకు ఒప్పుకోకపోవడం

ఎక్కువమంది వాడని దారి ఇది. మన రెండు జిల్లాల్లో ఎంతో అక్కరకొచ్చేది కూడా ఇదే.

టెండర్ చెల్లుబాటు సాధారణంగా మూడు నెలలు ఉంటుంది. ఆ లోపు శాఖ తేల్చలేకపోతే పొడిగించమని లేఖ రాస్తుంది. ఒప్పుకోవాలన్న నిర్బంధం లేదు. ఈఎండీ పోకుండానే కాదనవచ్చని ప్రామాణిక టెండర్ పత్రాల్లో రాసే ఉంటుంది. ఒప్పుకుంటే మాత్రం ధర మార్చడానికి వీల్లేదు, ఈఎండీ గ్యారంటీ గడువు కూడా పెంచాలి.

వంశధార కాలువ మరమ్మతు పనే తీసుకోండి. మార్చిలో టెండర్ వేస్తారు. పొడి కాలంలో పని అయిపోతుందనే లెక్కతో రేటు వేస్తారు. జూన్‌లో పొడిగింపు లేఖ వస్తుంది. ఒప్పుకుంటే అగ్రిమెంటు అయ్యేసరికి ఖరీఫ్‌కు నీళ్లు వదులుతారు, కాలువలో దిగలేరు, మనుషులు వరినాట్లకు పోతారు. ఆ తర్వాత అక్టోబర్‌లో తుపానుల భయం. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ రెండూ ఆ నెలలో వచ్చినవే. అదే రేటుకు ఆ పని చేయడమంటే వేరే పని చేసినట్టే. అలాంటప్పుడు కాదనడం పిరికితనం కాదు.

చూసుకోవాల్సింది తేదీ ఒక్కటే. చెల్లుబాటును టెండర్లు వేసే చివరి రోజు నుంచి లెక్కపెడతారా, తెరిచిన రోజు నుంచా అన్నది నోటీసులో ఉంటుంది. క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకోండి. మీ గుమస్తా మెయిల్‌కు 'సరే' అని జవాబిచ్చేస్తే మీరే ఒప్పుకున్నట్టు. పొడిగింపు లేఖ ఎవరి చేతికి వస్తుందో, జవాబు ఎవరు ఇస్తారో ముందే తేల్చుకోండి. కాదనేటప్పుడు కూడా రాసే పంపండి: 'మా టెండర్ చెల్లుబాటు ఫలానా తేదీతో ముగుస్తుంది, పొడిగింపుకు సమ్మతించడం లేదు, ఈఎండీ విడుదల చేయగలరు.'

దీనికి దగ్గరగా ఉండే మరో సందర్భం, అంగీకార పత్రం మీరు వేసినట్టు లేకపోవడం. కాంట్రాక్టు చట్టం 7వ సెక్షన్ ప్రకారం అంగీకారం పూర్తిగా, షరతులు లేకుండా ఉండాలి. మీరు వేసిన పరిమాణం, కాలం, ధర వీటిలో ఏదైనా మార్చి పంపితే అది కొత్త ప్రతిపాదన అవుతుంది. పత్రం రాగానే టెండర్‌తో పక్కపక్కన పెట్టి వరసగా సరిచూడండి. తేడా ఉంటే వెంటనే రాతపూర్వకంగా చెప్పండి. తేడా చూసి కూడా పని మొదలుపెట్టేస్తే ఆ తర్వాత అనడానికి ఏమీ మిగలదు.

నష్టానికైనా పని చేయడం

లెక్క ఇలా వేయాలి. 80 లక్షల అంచనా పని, మీరు 28 శాతం లెస్‌కు (అంచనా కంటే తక్కువకు) వేశారనుకుందాం. మీ టెండర్ విలువ 57.60 లక్షలు. లీడు సరిచూసుకుంటే అసలు ఖర్చు 61 లక్షలు తేలింది. పని చేస్తే 3.40 లక్షల నష్టం.

తప్పుకుంటే పోయేది 80 వేల ఈఎండీ. ఈ రెండు అంకెలే చూస్తే తప్పుకోవడమే లాభం, 2.60 లక్షలు మిగిలినట్టే. కానీ ఏడాదికి 2 కోట్ల ప్రభుత్వ పనులు చేస్తూ 8 శాతం మిగుల్చుకునే మనిషికి ఒక ఏడాది సస్పెన్షన్ అంటే 16 లక్షలు. అతనికి నష్టానికైనా పని చేయడమే చవక. ప్రైవేటు కట్టడాల మీద బతుకుతూ ఎప్పుడో ఒక ప్రభుత్వ పని చేసేవారికి లెక్క తిరగబడుతుంది.

చేయాలని నిర్ణయించుకుంటే ఒక్క నష్టం చూస్తే చాలదు, చేతిలో డబ్బు ఎంత కట్టుబడిపోతుందో చూడాలి. 25 శాతం దాటి లెస్ వేస్తే అంచనాలో 75 శాతానికీ మీ విలువకూ ఉన్న తేడాను అదనపు సెక్యూరిటీగా కట్టాలి. ఇక్కడ 60 లక్షల నుంచి 57.60 తీసేస్తే 2.40 లక్షలు. అగ్రిమెంటు నాడు మిగతా 1.5 శాతం, అంటే 1.20 లక్షలు. తర్వాత బిల్లుల నుంచి 7.5 శాతం చొప్పున పట్టుకునేది 4.32 లక్షలు. ఇవి తిరిగి వచ్చేవే, కానీ పని నడిచేటప్పుడు చేతిలో ఉండవు. ఇంత డబ్బు అప్పు తెస్తే వడ్డీని కూడా నష్టంలో కలపాలి. బిల్లులు ఆలస్యమయ్యే రోజుల్లో చిన్న కాంట్రాక్టర్లను ముంచేది అసలు నష్టం కంటే ఈ వడ్డీయే.

నాణ్యత తగ్గించి నష్టం పూడ్చుకుందామన్న ఆలోచన ఉంటే ఇప్పుడే తప్పుకోండి. రోడ్డు మీద నడిచేది మన ఊరివాళ్లే.

ఎవరికి ఏది నప్పుతుంది

కొత్తగా రిజిస్టర్ అయిన చిన్న కాంట్రాక్టరుకు: గడువుకు ముందు రోజు సాయంత్రం మరోసారి లీడు, నీటి వసతి, దారి సరిచూసుకుని, అనుమానముంటే అప్పుడే ఉపసంహరించండి. మొదటి రెండేళ్లలో సస్పెన్షన్ పడితే అనుభవ సర్టిఫికెట్లు పోగుపడవు.

రెండు మూడు టెండర్లు ఒకేసారి వేసేవారికి: బిడ్ కెపాసిటీ (మీరు ఎంత విలువ పనులు చేయగలరో శాఖ వేసే లెక్క) చూసుకోండి. చేతిలో ఉన్న పనుల విలువ అందులోంచి తీసేస్తారు. ఒకటి ఖరారైన రోజే మిగతావాటి గడువులు చూసి, ఇంకా గడువు ముగియనివాటిని ఉపసంహరించడం మంచిది. గడువు దాటిందంటే అన్నీ మీద పడతాయి.

సరుకులు, సేవలు సరఫరా చేసే సూక్ష్మ, చిన్న సంస్థలకు: కేంద్ర సంస్థల్లో ఈఎండీ మినహాయింపు ఉంటుంది కాబట్టి తప్పుకుంటే పోయేదేమీ లేదనుకోకండి. బిడ్ సెక్యూరింగ్ డిక్లరేషన్ (ఈఎండీకి బదులు ఇచ్చే హామీ పత్రం) మీద సంతకం చేసి ఉంటే, పోయేది డబ్బు కాదు, టెండర్ వేసే అర్హతే. పత్రంలో రాసిన కాలం పాటు సస్పెండ్ చేస్తారు. ఇక పనుల కాంట్రాక్టులకు ఈ చిన్న సంస్థల విధానం వర్తించదు. ఉద్యం (చిన్న సంస్థల నమోదు) సర్టిఫికెట్ పెట్టి ఈఎండీ కట్టకుండా పని టెండర్ వేస్తే, ఉపసంహరణ దాకా వెళ్లకుండానే తిరస్కరిస్తారు.

భాగస్వామ్యంగా వేసినవారికి: తప్పుకునే లేఖ మీద ప్రధాన భాగస్వామి సంతకం, ఆయనకు అధికారం ఇచ్చిన పత్రం రెండూ ఉండాలి. ఒక్కరు విడిగా రాసిన లేఖ చెల్లదు, కానీ శాఖకు అనుమానం మాత్రం కలిగిస్తుంది.

ఈఎండీ చేతికి వచ్చే దాకా

గడువులోపు ఉపసంహరించినా డబ్బు మర్నాడే రాదు. జీఎఫ్‌ఆర్ ప్రకారం, ఎంపిక కానివారి ఈఎండీని చెల్లుబాటు ముగిశాక వీలైనంత త్వరగా, ఆలస్యమైతే కాంట్రాక్టు ఖరారైన 30 రోజుల్లోపు ఇవ్వాలి. రెండు కవర్ల (అర్హతలకొకటి, ధరకొకటి) టెండర్‌లో టెక్నికల్ దశలో వెళ్లిపోయినవారికి ఆ దశ ఫలితం వచ్చిన 30 రోజుల్లోపు. రాష్ట్ర శాఖల్లో దరఖాస్తు పెట్టి వెంటపడాల్సి వస్తుంది. ఆన్‌లైన్‌లో కడితే కట్టిన ఖాతాకే జమవుతుంది కాబట్టి ఆ ఖాతా మూసేయొద్దు. బ్యాంకు గ్యారంటీ అయితే అసలు కాగితంతోపాటు శాఖ ఇచ్చే విడుదల లేఖ కూడా తీసుకుని బ్యాంకులో ఇవ్వండి. ఆ లేఖ లేకుండా మార్జిన్ కింద పెట్టిన ఫిక్స్‌డ్ డిపాజిట్‌ను బ్యాంకు వదలదు.